ఎర్ర దీపం

ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. కందెన లేకుండా బండి తోలితే ఏమవుతుంది? చక్రం కీచుమంటుంది. ఇరుసు వేడెక్కుతుంది. అరిగిపోతుంది.

బండి చక్రం మెల్లగా తిరుగుతుంది. కారు ఇంజను లోపల కూడా ఒక ఇరుసు ఉంటుంది. దాన్ని క్రాంకు అంటారు. అది నిమిషానికి 2,000 సార్లు, 3,000 సార్లు తిరుగుతుంది. మరి దానికి కందెన ఎంత కావాలి? అది అందకపోతే ఎంతసేపు బతుకుతుంది?

"కారుతో మాకేం పనమ్మా?" అని అడుగుతారేమో. కారు మన పేరు మీద లేకపోవచ్చు. ఆసుపత్రికి, పెళ్లికి, తిరునాళ్లకు అందులో కూర్చునేది మనమే. అప్పు చేసి కొన్న బాడుగ కారు అయితే, నెలనెలా కంతు కట్టే బాధా మనదే.

మా కేంద్రంలో చదువు నేర్చుకున్న ఒక అక్క సంగతి చెబుతాను.

అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. కొంత బంగారం కుదువ పెట్టింది. ఆ డబ్బుతో పాత డీజిల్ కారు ఒకటి కొన్నారు. బావ దాన్ని బాడుగకు తిప్పుతాడు. లెక్కలు అక్క రాస్తుంది. కారు కొన్నరోజే అక్క మేస్త్రిని ఒక్కొక్క బొమ్మా చూపించి అడిగింది. స్టీరింగు వెనక మీటర్లు ఉంటాయి కదా. అక్కడ చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. అందులో ఒకటి ముక్కు ఉన్న నూనె చెంబులా ఉంటుంది. ముక్కు చివర ఒక చుక్క ఉంటుంది. అక్క తన నోటు పుస్తకంలో ఇలా రాసుకుంది:

"చెంబు బొమ్మ. ఎర్రగా వెలిగితే ఇంజను ఆపాలి. వెంటనే."

వెంటనే అనే మాట కింద గీత గీసుకుంది.

ఒకరోజు అక్క వాళ్ల అత్తకు కంటి ఆపరేషను. ఉదయగిరి వైపు నుంచి కావలికి పోతున్నారు. దారిలో ఒకచోట కల్వర్టు పని జరుగుతోంది. పక్కన మట్టి దారి. అక్కడ కారు అడుగు ఒక రాయికి టప్‌మని తగిలింది. బావ దిగి చూడలేదు. రోడ్డెక్కి స్పీడు పెంచాడు. కాసేపటికి చెంబు బొమ్మ ఎర్రగా వెలిగింది.

"ఏమయ్యా, ఆ దీపం చూడు!" అంది అక్క.

"వైరు లూజై ఉంటుంది. కావలి పోయినాక చూద్దాంలే."

"ఆపు."

"పది కిలోమీటర్లు కూడా లేదే. అమ్మకు టైమైపోతుంది."

"అత్తమ్మను బస్సెక్కిస్తాం. ముందు నువ్వు ఇంజను ఆపు."

బావ విసుక్కుంటూనే రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపాడు.

ఇక్కడ కథ కాసేపు ఆపుదాం. అక్క ఎందుకంత పట్టు పట్టిందో తెలియాలంటే ఇంజను లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

ఇంజను అడుగున ఒక తొట్టి ఉంటుంది. మేస్త్రీలు దాన్ని చాంబరు అంటారు. ఇంజను ఆయిలు అందులో ఉంటుంది. చాలా చిన్న కార్లకు 3 నుంచి 5 లీటర్లు పడుతుంది. ఆ ఆయిల్లో ఒక గొట్టం మునిగి ఉంటుంది. గొట్టం మూతికి జల్లెడ ఉంటుంది. ఇంజను తిరిగితే ఆయిల్ పంపు తిరుగుతుంది. పంపు ఆ గొట్టంతో ఆయిలును పైకి లాగి, ఫిల్టరులోకి నెడుతుంది. ఫిల్టరులో మడ్డి ఆగిపోతుంది. ఆయిలు సన్నని దారుల గుండా క్రాంకుకు పోతుంది. బేరింగులకు పోతుంది. పైన వాల్వుల దాకా పోతుంది. పని చేసి, వేడిని మోసుకుని, మళ్లీ చాంబరులోకి కారుతుంది.

మన ఊరి నీళ్ల పంపు కూడా ఇలాంటిదే. బావిలో పైపు. పైపు మూతికి జాలీ. పైన మోటారు. తర్వాత వీధి వీధికీ కుళాయిలు. ధార గట్టిగా ఉంటే చివరి ఇంటికీ నీళ్లు అందుతాయి. ధార సన్నబడితే చివరి ఇంటి బిందె నిండదు. నీళ్లను నెట్టే ఆ బలాన్ని ప్రెషరు అంటాం. డాక్టరమ్మ మన చేతికి పట్టీ చుట్టి చూసేది కూడా ప్రెషరే. అది రక్తానిది. ఇది ఆయిలుది.

క్రాంకుకీ బేరింగుకీ నడుమ సన్నని సందు ఉంటుంది. అది వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందులో ఆయిలు పొర నిలుస్తుంది. క్రాంకు ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇనుముకు ఇనుము తగలదు. ఆయిలు అందకపోతే ఆ పొర చిరిగిపోతుంది. ఇనుముకు ఇనుము ఒరుసుకుంటుంది. బేరింగు కాలి, కరిగి, క్రాంకును పట్టేస్తుంది. దీన్నే మేస్త్రీలు "ఇంజను సీజైంది" అంటారు. ఇందుకు గంటలు అక్కర్లేదు. కొన్ని నిమిషాలు చాలు. ఆ తర్వాత ఇంజను మొత్తం విప్పాల్సిందే. ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ దీపం ఆలస్యంగా వెలుగుతుంది. టైర్లలో గాలిని పౌండ్లలో కొలుస్తారు కదా, మీటరు మీద పి.ఎస్.ఐ. అని రాసి ఉంటుంది. ఆయిల్ ప్రెషరుకు కూడా అదే లెక్క. రోడ్డు మీద పరుగెత్తే ఇంజనులో 40, 50 పౌండ్లు ఉండవచ్చు. చాలా కార్లలో అది 5, 7 పౌండ్లకు పడిపోతే గానీ దీపం వెలగదు. అంటే ఇది ముందుగా చెప్పే దీపం కాదు. ఇల్లు అంటుకున్నాక కొట్టే గంట. అందుకే "ఏం కాదులే" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, మళ్లీ రోడ్డు మీదికి వద్దాం.

ఇంజను ఆపి పది నిమిషాలు ఆగారు. పైకి పోయిన ఆయిలు చాంబరులోకి దిగాలి కదా. కారు చదునైన చోట ఉంది. ఏటవాలుగా ఉంటే లెక్క తప్పుతుంది. బావ ముందు మూత ఎత్తాడు. ఇంజను పక్కన ఉంగరం లాంటి పిడి కనిపిస్తుంది. దాన్ని లాగితే ఒక సన్నని పుల్ల వస్తుంది. అది ఆయిలు కొలిచే పుల్ల. డిప్‌స్టిక్ అంటారు. దాని చివర రెండు గీతలు ఉంటాయి. పై గీత నిండుకు గుర్తు. కింది గీత కనీసానికి గుర్తు. చాలా కార్లలో ఈ రెండు గీతల నడుమ తేడా సుమారు ఒక లీటరు.

పుల్లను ఒకసారి గుడ్డతో తుడవాలి. మళ్లీ పూర్తిగా దించాలి. మళ్లీ తీసి చూడాలి. మొదటిసారి చూసిన గుర్తును నమ్మకూడదు.

బావ అలాగే చూశాడు. పుల్ల చివర తడి కూడా లేదు. వంగి కారు కింద చూశాడు. చాంబరు సొట్టబోయింది. సొట్ట అంచున పగులు. అందులోంచి ఆయిలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. వచ్చిన దారి పొడుగునా నల్లటి చారిక. బావ నోట మాట లేదు.

అత్తను బస్సెక్కించి, తోడు అక్క పోయింది. ఆపరేషను ఆ పూటే అయింది. బావ ఒక ట్రాక్టరుకు తాడు కట్టించి కారును ఇంజను వేయకుండా మేస్త్రి షెడ్డుకు లాగించాడు.

మేస్త్రి చాంబరు పగులుకు వెల్డింగు చేయించాడు. కొత్త ఫిల్టరు వేశాడు. కొత్త ఆయిలు పోశాడు. తాళం తిప్పితే దీపం వెలిగింది. ఇంజను స్టార్టు కాగానే ఆరింది. అందరూ సంతోషపడ్డారు.

ఇక్కడితో అయిపోలేదు. మరునాడు అక్కను, అత్తను ఎక్కించుకుని బావ ఇంటికి బయలుదేరాడు. ఊరు దాటి స్పీడు అందుకోగానే చెంబు బొమ్మ మినుకుమంది. స్పీడు తగ్గిస్తే ఆరింది. ఈసారి బావే ఆపేశాడు. పుల్ల తీసి చూస్తే ఆయిలు పై గీత దగ్గరే ఉంది!

ఆలోచించండి. ఆయిలు నిండుగా ఉంది. అయినా దీపం వెలుగుతోంది. ఎందుకు?

ఫోను చేస్తే షెడ్డులో పనిచేసే కుర్రాడు బైకు మీద వచ్చాడు. "ఏం లేదన్నా. స్విచ్చి పోయుంటుంది. వైరు పీకేస్తే దీపం రాదు. హాయిగా పోవచ్చు" అన్నాడు.

ఆ కుర్రాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఇంజను పక్కన ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. ప్రెషరును కనిపెట్టి దీపాన్ని వెలిగించేది అదే. ఒక్కోసారి అది చెడిపోతుంది. ప్రెషరు బాగున్నా దీపం వెలుగుతుంది. అయితే చెడిందో లేదో చూడకుండా వైరు పీకడమేంటి?

అక్క కూడా అదే అడిగింది. "మిషను తప్పు చూపిస్తోందని అనుమానమొస్తే డాక్టరమ్మ ఇంకో మిషనుతో చూస్తుంది. అంతేగాని చూడ్డం మానేస్తుందా? నువ్వు మేస్త్రిని పిలువబ్బాయ్."

కారును మళ్లీ షెడ్డుకు లాగించారు. మేస్త్రి ఆ స్విచ్చిని విప్పాడు. ఆ రంధ్రంలో ఒక పైపు బిగించాడు. పైపు చివర గడియారం లాంటి మీటరు. అందులో ముల్లు. ట్రాక్టర్లలో, పాత జీపుల్లో ఇలాంటి ముల్లు మీటరు ముందే అమర్చి ఉంటుంది. ఈ కారుకు దీపమే గానీ ముల్లు లేదు.

ఇంజను బాగా వేడెక్కనిచ్చారు. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చిక్కగా ఉండి ప్రెషరు ఎక్కువే చూపిస్తుంది. వేడెక్కాకే నిజం బయటపడుతుంది. మేస్త్రి చెబుతుంటే అక్క రాసుకుంది.

"నిలబడి తిరిగేటప్పుడు 16. నిమిషానికి 1,500 తిప్పులకు 28. 2,500 తిప్పులకు ముల్లు వణికింది. 5కు పడింది."

"ఇది మంచిదా, చెడ్డదా అన్నా?" అని అడిగింది.

"మోటు లెక్క ఒకటి ఉందమ్మా. నిమిషానికి ప్రతి 1,000 తిప్పులకు 10 పౌండ్లయినా ఉండాలి. అసలు లెక్క ఆ కారు పుస్తకంలో ఉంటుంది. ఈ మోటు లెక్కన 2,500 తిప్పులకు ఎంత ఉండాలి?"

"25."

"ఉన్నది?"

"5. అయితే స్విచ్చి మంచిదే. దీపం నిజమే చెప్పింది."

కుర్రాడు తల దించుకున్నాడు.

"బేరింగులు అరిగాయా అన్నా?" అంటూ బావ దిగులుపడ్డాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన మాట మేస్త్రి అప్పుడు చెప్పాడు.

"బేరింగులు అరిగితే సందు పెద్దదవుతుంది. కుళాయిలన్నీ బార్లా తెరిచినట్టు ఆయిలు కారిపోతుంది. అప్పుడు ముల్లు నిలబడి తిరిగేటప్పుడే పడిపోతుంది. స్పీడు పెంచితే కాస్త లేస్తుంది. ఇక్కడ తిరగబడి ఉంది. మెల్లగా తిరిగితే బాగుంది. జోరుగా తిరిగితే పడిపోతోంది. అంటే పంపు లాగుతోంది. లాగడానికి దానికి ఆయిలు అందడం లేదు."

అంటూనే నుదురు కొట్టుకున్నాడు. "చాంబరుకు పగులైతే అతికించాను గానీ సొట్ట తీయలేదు. నాదే తప్పు."

చాంబరు విప్పి చూశారు. సొట్ట లోపలికి పొంగి ఉంది. జల్లెడ మూతిని దాదాపు మూసేసింది. కొబ్బరి బొండాంలో గొట్టం వేసి తాగుతాం కదా. గొట్టం మూతి అడుగుకు ఆనితే నీళ్లు రావు. నిండు బొండామే. అయినా నోట్లోకి చుక్క రాదు. అదే జరిగింది.

మేస్త్రి కొత్త చాంబరు తెప్పించాడు. జల్లెడను డీజిల్‌తో కడిగాడు. చాంబరు విప్పిన చేత్తోనే రెండు బేరింగులు ఊడదీసి చూశాడు. బేరింగు పైపొర తెల్లగా ఉంటుంది. అది అరిగితే లోపలి రాగి రంగు బయటపడుతుంది. ఈ బేరింగుల మీద సన్నని గీతలే ఉన్నాయి. రాగి కనపడలేదు. మొదటిరోజు ఆ పది కిలోమీటర్లు పోయి ఉంటే ఏం కనపడేదో మేస్త్రి చెప్పలేదు. బావ కూడా అడగలేదు.

మళ్లీ మీటరు పెట్టారు. నిలబడి 18. నిమిషానికి 2,500 తిప్పులకు 44. ముల్లు వణకలేదు. వెల్డింగు చేసిన చాంబరు కూలి, రెండోసారి విప్పిన కూలి మేస్త్రి తీసుకోలేదు. కొత్త చాంబరు ఖరీదు మాత్రం బావే ఇచ్చాడు.

రాయి తగలకుండా కూడా ప్రెషరు పడిపోతుంది. ఎక్కువగా మన అశ్రద్ధ వల్లే. మార్చాల్సిన ఆయిలు మార్చకపోతే అది మడ్డిగా చిక్కబడి జల్లెడకు పడుతుంది. ఫిల్టరు పూడుకుపోతుంది. డీజిలో, పెట్రోలో ఆయిల్లో కలిస్తే ఆయిలు పలచబడుతుంది. పుల్ల తీసి వాసన చూస్తే తెలుస్తుంది. పుల్ల మీద ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు కలిశాయన్నమాట. ఆ బండిని కదిలించవద్దు. డీజిల్ బండిలో ఆయిలు తొందరగా నల్లబడుతుంది. వట్టి నలుపు చూసి భయపడనక్కర్లేదు.

పంపు అరిగినా ప్రెషరు పడుతుంది. పంపు దగ్గర ఒక చిన్న స్ప్రింగు మూత ఉంటుంది. ప్రెషరు మరీ ఎక్కువైతే అది తెరుచుకుని కొంత ఆయిలును వదిలేస్తుంది. ప్రెషరు కుక్కరు విజిల్ లాగా. చెత్త అడ్డుపడి అది తెరుచుకునే ఉండిపోతే ప్రెషరు నిలవదు. ఇవన్నీ మేస్త్రి చూడాల్సినవి. అయితే మీటరు పెట్టి చూడకుండా ఇంజను దించుతానంటే ఒప్పుకోకండి. ముందు స్విచ్చి, తర్వాత ఆయిలు, ఫిల్టరు, ఆ తర్వాత జల్లెడ, పంపు. బేరింగులు అందరికన్నా చివర. లోపలి నుంచి టకటకమని గట్టి చప్పుడు వస్తుంటే మాత్రం బేరింగుల మీదే అనుమానం.

కొందరు మరీ చిక్కటి ఆయిలు పోసి దీపం ఆర్పేస్తారు. పాత కారు అమ్మేవాళ్లు కొందరు ఇలా చేస్తారు. అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది. ముల్లు మాత్రం నాలుగు రోజులు లేస్తుంది. ఆయిలు డబ్బా మీద "15 డబ్ల్యు 40" లాంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె చలిలో ఆయిలు ఎలా పారుతుందో చెబుతుంది. రెండో అంకె వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మీ కారు పుస్తకంలో ఏ అంకెలు ఉన్నాయో డబ్బా మీద అవే ఉండాలి. ఈ అంకెలు చదవడం మీకు వచ్చు. కొట్టువాడు ఇచ్చిన డబ్బాను తిప్పి చూడండి. పై గీత దాటి పోయనివ్వకండి. ఎక్కువైనా చెరుపే.

ఒక జాగ్రత్త. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు ఆయిలు కాగే నూనెలా ఉంటుంది. చెయ్యి పెట్టకండి. జాకీ ఒక్కదాని మీద లేపిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి.

ఇప్పుడు అక్క పొద్దున్నే బావ తాళం తిప్పేటప్పుడు పక్కన నిలబడుతుంది. దీపం వెలిగిందా? ఆరిందా? రెండూ చూస్తుంది. తాళం తిప్పినా దీపం అసలు వెలగకపోతే ఆరోజు బండి కదలదు. ఎందుకంటే బల్బు పోయి ఉండాలి. లేదా ఎవరో వైరు పీకి ఉండాలి. వెలగని దీపం రోడ్డు మీద మనల్ని హెచ్చరించలేదు.

అక్క నోటు పుస్తకంలో చివరి పేజీ ఇలా ఉంది. చదవండి.

ఆయిలు మార్చినప్పుడు మీటరు: 1,12,400 కి.మీ.
పోసింది: నాలుగున్నర లీటర్లు. ఫిల్టరు కొత్తది.
మళ్లీ మార్చాల్సింది: 1,22,400 కి.మీ.
వారానికి ఒకసారి పుల్ల చూడాలి. సోమవారం.

ఈ సోమవారం అక్క చూసినప్పుడు మీటరు 1,19,650 దగ్గర ఉంది. ఆయిలు మార్చడానికి ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయి? మీ పుస్తకంలో లెక్క వేయండి.